అడాప్టర్ లైటు ఆరిపోతే ఐసీ పోయినట్టేనా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఒక మొబైల్ సర్వీసింగ్ దుకాణంలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మా అక్క 2020లో కొన్న లాప్‌టాప్ గత నెలలో ఒక రాత్రి కరెంటు పోతూ వస్తూ ఉన్న తరువాత పూర్తిగా ఆగిపోయింది. ఛార్జరును గోడకు పెడితే దాని మీద పచ్చ లైటు వెలుగుతుంది. గుండ్రటి పిన్నును లాప్‌టాప్‌కు గుచ్చగానే ఆరిపోతుంది, తీసేస్తే కాసేపటికి మళ్ళీ వెలుగుతుంది. ముందురోజు బ్యాటరీ నిండుగానే ఉంది, అయినా బ్యాటరీ మీద కూడా ఆన్ కావడం లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మొత్తం మార్చాలని, 24 వేలు అవుతుందని అన్నారు. ఊళ్ళో ఒక షాపులో ‘ఐసీ పోయింది, బోర్డు హీట్ చేసి చూస్తాం, 3,500 ఇవ్వండి’ అన్నారు. నా దగ్గర మల్టీమీటరు, హాట్ ఎయిర్ స్టేషన్, 15 వోల్టుల 2 ఆంపియర్ల డీసీ పవర్ సప్లై ఉన్నాయి. నిజంగా ఐసీయే పోయిందా? నేనే చూసుకోవచ్చా? అక్క ఉద్యోగానికి సంబంధించిన ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో రెండు వాక్యాలు చాలా విలువైనవి. పిన్ను గుచ్చగానే అడాప్టరు లైటు ఆరిపోతోందని రాశారు, నిండు బ్యాటరీ మీద కూడా ఆన్ కావడం లేదని రాశారు. నాకు వచ్చే ఉత్తరాలలో చాలామంది ‘లాప్‌టాప్ డెడ్’ అన్న ఒక్క ముక్కతో ఆపేస్తారు. మీరు గమనించి రాసినందువల్ల, బోర్డు విప్పకముందే జబ్బు ఏ పక్కన ఉందో సగం వరకు చెప్పగలుగుతున్నాను. ఐసీ, అంటే బోర్డు మీది చిప్పు, పోయిందని మాత్రం చెప్పలేను. మీటరు పెట్టకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు.

ముందు ఫైళ్ల సంగతి, ఎందుకంటే మీ అక్కగారి ఆందోళన దాని గురించే అయి ఉంటుంది. లాప్‌టాప్ కింది మూత తీసి, మొదట బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, తరువాత ఎస్‌ఎస్‌డీని గానీ హార్డ్ డిస్కును గానీ బయటకు తీసి భద్రపరచండి. అది బోర్డుకే అతికి ఉన్న రకం కాకపోతే, తగిన ఎన్‌క్లోజరులో, అంటే యూఎస్‌బీ పెట్టెలో, పెట్టి మరో కంప్యూటరుకు తగిలించి చూడవచ్చు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి. అది విండోస్ డిస్కుకు వేసే బిట్‌లాకర్ తాళం, సాధారణంగా అక్కగారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోనులో లాగిన్ అయి చూసుకోవచ్చు. మదర్‌బోర్డు మార్చినా ఇదే కీ అడుగుతుంది, ఎందుకంటే ఆ తాళం పాత బోర్డులోని భద్రతా విభాగంతో ముడిపడి ఉంటుంది. కాబట్టి మీరు ఏ దారిలో వెళ్లినా ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు లైటు సంగతి. అడాప్టరు 19 లేదా 19.5 వోల్టులు ఇస్తుంది. 65 వాట్ల అడాప్టరు అయితే సుమారు 3.34 ఆంపియర్ల వరకు మోయగలదు. అంతకు మించి ఎవరైనా లాగితే, తాను కాలిపోకుండా ఉండేందుకు వెంటనే సరఫరా ఆపేస్తుంది. లైటు ఆరిపోవడమంటే అదే. అంటే మీ బోర్డులో ఎక్కడో ప్లస్ లైను గ్రౌండుకు, అంటే మైనస్ వైపుకు, తగులుతోంది. దీన్నే షార్టు అంటాము. అయితే బలహీనపడిన అడాప్టరు కూడా కొన్నిసార్లు ఇలాగే చేస్తుంది కాబట్టి, అదే రకం పిన్ను, అదే వోల్టేజీ ఉన్న మరో లాప్‌టాప్‌కు దీనిని పెట్టి ఒకసారి చూసుకోండి. అక్కడ మామూలుగా పనిచేస్తే అడాప్టరు నిర్దోషి. దీనికి తిరగబడిన సంగతి ఒకటి కూడా గుర్తుంచుకోవాలి. కొన్ని బోర్డుల్లో ఛార్జింగ్ ఐసీ ముందుగానే షార్టును పసిగట్టి గేటు తెరవదు, అప్పుడు లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ లోపల షార్టు అలాగే ఉంటుంది.

బోర్డులోకి కరెంటు వచ్చే దారి తెలిస్తే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. జాక్ నుంచి బయలుదేరిన 19 వోల్టులు చాలా బోర్డుల్లో ఒక ఫ్యూజు గానీ కాయిల్ గానీ దాటి, కరెంటుకు స్విచ్చుల్లా పనిచేస్తూ ఎదురెదురుగా కూర్చున్న రెండు మోస్‌ఫెట్ల గుండా వెళ్లి, ఎంత కరెంటు పోతోందో కొలిచేందుకు పెట్టిన, ఆర్010 అని గానీ ఆర్020 అని గానీ రాసి ఉండే ఒక సెన్స్ రెసిస్టరును దాటి మెయిన్ లైనులో కలుస్తాయి. బ్యాటరీ కూడా మరో మోస్‌ఫెట్ ద్వారా ఇదే మెయిన్ లైనుకు కరెంటు ఇస్తుంది. 3.3 వోల్టులు, 5 వోల్టులు, ర్యామ్ వోల్టేజీ, ప్రాసెసరు వోల్టేజీ తయారుచేసే విభాగాలన్నీ ఈ లైను మీద ఆధారపడినవే. వాటి ముందు కరెంటును కాసేపు నిల్వ ఉంచే సిరామిక్ కెపాసిటర్లు పదుల సంఖ్యలో ఒకదాని పక్కన ఒకటి ఇదే లైనుకూ గ్రౌండుకూ మధ్య నిలబడి ఉంటాయి. వాటిలో ఒక్కటి షార్టయినా ఊరంతటికీ నీళ్లిచ్చే పైపుకు ఒకచోట గండి పడినట్టే, ఎక్కడా ధార ఉండదు.

ఇక్కడే మీ రెండో వాక్యం పనికొస్తుంది. షార్టు జాక్ దగ్గర, అంటే మోస్‌ఫెట్లకు ముందు ఉంటే, నిండు బ్యాటరీ మీద లాప్‌టాప్ ఆన్ కావాలి. కావడం లేదు కాబట్టి, షార్టు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న మెయిన్ లైనులోనే ఉండే అవకాశం ఎక్కువ. ఇంకో మాట, బ్యాటరీ పెట్టి పదేపదే స్విచ్ నొక్కి చూడకండి. బ్యాటరీ ఇచ్చే కరెంటు తక్కువేమీ కాదు, ఒక చిన్న కెపాసిటర్ దగ్గర మొదలైన వేడి కింది రాగి పొరలను కూడా కాల్చేస్తుంది.

కొలత మొదలుపెట్టేముందు అడాప్టరు, బ్యాటరీ రెండూ ఊడదీసి, పవర్ స్విచ్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుని బోర్డులో మిగిలిన కరెంటును దించేయండి. మీటరును బీప్ మోడులో పెట్టకండి. బీప్ మోడ్ 30, 40 ఓమ్స్ దగ్గర కూడా మోగి మనిషిని మోసం చేస్తుంది. 200 ఓమ్స్ రేంజిలో పెట్టి, ముందుగా రెండు ప్రోబులను ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో రాసుకుని, ఆ 0.2, 0.3 ఓమ్స్‌ను ప్రతి రీడింగులోంచి తీసేయండి. నల్ల ప్రోబును స్క్రూ రంధ్రం చుట్టూ ఉన్న గ్రౌండు మీద ఉంచి, ఎర్ర ప్రోబును ముందు జాక్ ప్లస్ మీద, తరువాత సెన్స్ రెసిస్టరు మీద పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న బోర్డులో రెండు చోట్లా 200 ఓమ్స్ రేంజిలో అంకె రాకూడదు. రేంజి పెంచితే కిలో ఓమ్స్‌లో మొదలై, కెపాసిటర్లు నిండేకొద్దీ పైకి పాకుతూ పోవాలి. సెన్స్ రెసిస్టరు దగ్గర 10 ఓమ్స్ కంటే తక్కువ వచ్చి కదలకుండా నిలబడితే మెయిన్ లైను షార్టు ఖాయం.

షార్టు ఖాయమయ్యాక చాలామంది చేసే తప్పు, వెంటనే కరెంటు ఎక్కించి ఏది వేడెక్కుతుందో చూడడం. దానికి ముందు తప్పనిసరిగా చేయాల్సిన కొలత ఒకటుంది. సెన్స్ రెసిస్టరు మీద ఒక ప్రోబు ఉంచి, రెండో ప్రోబుతో బోర్డు మీద ఒక్కో వోల్టేజీ విభాగానికి ఉన్న పెద్ద కాయిళ్లను ఒక్కొక్కటిగా తాకుతూ రండి. మెయిన్ లైనుకూ ఒక కాయిల్‌కూ మధ్య దాదాపు సున్నా వచ్చిందంటే, ఆ విభాగంలో పైనున్న, అంటే మెయిన్ లైను వైపు ఉన్న, హై సైడ్ మోస్‌ఫెట్ పూర్తిగా షార్టయిందని అర్థం. అది 3.3 వోల్టుల కాయిల్ అయితే, ఆ లైను మీద బతికే, లాప్‌టాప్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము ఉండే బయోస్ చిప్పుకూ, చిప్‌సెట్‌కూ, పవర్ బటన్‌నూ కీబోర్డునూ చూసుకునే ఈసీ అనే కంట్రోలరుకూ 19 వోల్టులు తగిలి ఉండవచ్చు. ప్రాసెసరు కాయిల్ అయితే, ఒక వోల్టు చుట్టుపక్కల బతికే ప్రాసెసరు మీద 19 వోల్టులు పడి ఉండవచ్చు. అలాంటి బోర్డు మీద పవర్ సప్లైతో ప్రయోగం చేస్తే, కొనఊపిరితో ఉన్న ప్రాసెసరును మనమే చంపినవాళ్లమవుతాము.

ఇదే సందర్భంలో ఇంకో జాగ్రత్త. ప్రాసెసరు కాయిళ్లను గ్రౌండుతో కొలిస్తే ఒకటి, రెండు ఓమ్స్ గానీ, అంతకంటే తక్కువ గానీ చూపించవచ్చు. అది షార్టు కాదు, ప్రాసెసరు సహజంగానే అంత తక్కువ చూపిస్తుంది. మొబైల్ బోర్డుల మీద చేయి తిరిగిన కుర్రవాళ్లు లాప్‌టాప్ బోర్డు మొదటిసారి పట్టినప్పుడు ఇక్కడే తడబడి, బాగున్న మోస్‌ఫెట్లను పీకేస్తారు. 3.3, 5 వోల్టుల కాయిళ్లు మాత్రం వందల ఓమ్స్‌లోనో, కిలో ఓమ్స్‌లోనో ఉండాలి. ర్యామ్ కాయిల్ ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

మీ బోర్డులో ఏ కాయిలూ మెయిన్ లైనుతో కలవలేదనుకుందాం. అప్పుడు సాధారణంగా తప్పు ఒక సిరామిక్ కెపాసిటర్‌దే. నా అనుభవంలో కరెంటు హెచ్చుతగ్గుల మీద పడే నిందలో చాలా భాగం అన్యాయం. అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా తయారవుతుంది, నిజంగా దెబ్బ తగిలితే ముందు అదే పోతుంది. సిరామిక్ కెపాసిటర్ పెంకులాంటిది. లాప్‌టాప్‌ను ఒక మూల పట్టుకుని ఎత్తినప్పుడు, బ్యాగులో ఒత్తిడి పడినప్పుడు, కింద పడినప్పుడు బోర్డు కొద్దిగా వంగి, కంటికి కనిపించని పగులు పడుతుంది. నెలల తరువాత ఎప్పుడో ఆ పగులులోకి తేమ చేరి, లోపలి పొరలు కలిసిపోతాయి. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది కాబట్టి నింద దాని మీదికి పోతుంది. విశాఖ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చే బోర్డుల్లో దీనికి ఉప్పు గాలి కూడా తోడవుతుంది, కెపాసిటర్ల అంచుల దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. ఖమ్మంలో మీకు ఆ బెడద లేదు గానీ, భూతద్దంతో బోర్డు రెండు వైపులా ఒకసారి చూడండి. బొద్దింకలు తిరిగిన ఆనవాళ్లు, టీ ఒలికిన మరకలు కనిపిస్తే ముందు వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్షు పెట్టి కడిగి, బాగా ఆరనిచ్చి మళ్ళీ కొలవండి. కడగడంతోనే షార్టు పోయిన బోర్డులు నేను చూశాను.

కంటికి ఏమీ కనిపించకపోతే అప్పుడు మీ డీసీ పవర్ సప్లై పనికొస్తుంది. వోల్టేజీని 1 వోల్టుకు తగ్గించి, కరెంటు పరిమితిని 1 ఆంపియర్ దగ్గర పెట్టి, మైనస్‌ను గ్రౌండుకు, ప్లస్‌ను సెన్స్ రెసిస్టరుకు లోపలి వైపు, అంటే మెయిన్ లైను వైపు, మందపాటి తీగతో సోల్డరు చేయండి. క్లిప్పులు జారి పక్కదానికి తగిలితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. 1 వోల్టుకు మించి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. కరెంటును మాత్రం అవసరమైతే మెల్లగా 2 ఆంపియర్ల దాకా పెంచవచ్చు. ఇప్పుడు సన్నటి బ్రష్షుతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఆ ప్రాంతమంతా పలుచగా పూసి, లైటు ఏటవాలుగా పడేలా పట్టుకుని కళ్లార్పకుండా చూడండి. ఆల్కహాల్ తొందరగా అంటుకుంటుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ దూరంగా ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి.

ఆ దృశ్యం మొదటిసారి చూసినవాళ్లు మరిచిపోరు. బోర్డు మీద తడి మెరుస్తూ ఉంటుంది. కొన్ని సెకన్లకు, బియ్యపు గింజలో సగం కూడా లేని ఒక గోధుమరంగు కెపాసిటర్ పైన మాత్రం తడి గుండ్రంగా వెనక్కి తగ్గి, దాని వీపు పొడిగా, మట్టిరంగులో బయటపడుతుంది. చుట్టూ ఉన్న అదే సైజు కెపాసిటర్లు ఇంకా తడిగానే ఉంటాయి. మళ్ళీ పూస్తే మళ్ళీ అదే చోట ముందు ఆరుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఒక అంచు నుంచి మూలకు వెంట్రుకంత గీత కనిపించవచ్చు, కొన్నిసార్లు అదీ కనిపించదు. థర్మల్ కెమెరా ఉన్నవారికి ఇదంతా ఒక్క చూపులో తేలిపోతుంది. లేనివారికి ఈ ఆల్కహాల్ చుక్క చాలా నమ్మకమైనది.

దొరికిన కెపాసిటర్‌ను తీసి, కొత్తది పెట్టే ముందు మెయిన్ లైనును మళ్ళీ కొలవండి. షార్టు పోయి కిలో ఓమ్స్ వస్తే దొంగ దొరికినట్టు. పోకపోతే మీరు తీసినది నిర్దోషి, దానిని తిరిగి పెట్టేయండి. ఒక్కో భాగం తీసిన ప్రతిసారీ కొలవడం, ఏది ఎక్కడినుంచి తీశారో ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడం విసుగు పుట్టించే పనే అయినా, దీనికి మినహాయింపు లేదు.

కొత్త కెపాసిటర్ విషయంలో మీ వృత్తి వల్ల మీకు ఒక ప్రమాదం పొంచి ఉంది. మీ దగ్గర మొబైల్ స్క్రాప్ బోర్డులు గుట్టగా ఉండి ఉంటాయి, సైజు సరిపోయే కెపాసిటర్ అందులో సులువుగా దొరుకుతుంది. దయచేసి అది వాడకండి. ఫోను బోర్డులోని కెపాసిటర్లు ఎక్కువగా 6.3 వోల్టులకో, 10 వోల్టులకో తయారైనవి. 19 వోల్టుల లైనులో కనీసం 25 వోల్టుల రేటింగు ఉన్నది కావాలి. విలువ చాలాచోట్ల 10 మైక్రోఫారడ్లు ఉంటుంది. పాత లాప్‌టాప్ స్క్రాప్ బోర్డులో ఇదే మెయిన్ లైను మీద ఉన్నదాన్ని తీసి వాడుకోవడం అన్నిటికంటే తేలిక. అవి వరసగా నాలుగైదు ఉన్నచోట ఒకటి లేకపోయినా పరీక్ష కోసం బోర్డు ఆన్ చేయవచ్చు, కానీ అక్కగారికి తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీ ఉంచకండి.

ఒకవేళ వేడెక్కినది మోస్‌ఫెట్ అయితే పని కొంచెం పెరుగుతుంది. ఎనిమిది కాళ్ల రకంలో సాధారణంగా 1, 2, 3 కాళ్లు సోర్సు, 4 గేటు, 5 నుంచి 8 దాకా డ్రెయిను. పైదీ కిందిదీ జంటగా పనిచేస్తాయి కాబట్టి ఒకటి పోతే రెండూ మార్చడం, వాటిని నడిపే ఐసీ గేటు కాలు గ్రౌండుతో షార్టయి ఉందేమో చూడడం మంచిది. ఐసీ పాడై గేటును తెరిచే ఉంచితే కొత్త మోస్‌ఫెట్ కూడా క్షణంలో కాలిపోతుంది. ఆ విధంగా చూస్తే షాపువారు చెప్పిన ‘ఐసీ పోయింది’ అన్న మాట పూర్తిగా అసాధ్యమేమీ కాదు, కానీ అది కొలతల చివర రావలసిన మాట.

బోర్డు హీట్ చేయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఈ అలవాటు ఎన్నో మంచి బోర్డులను పొట్టన పెట్టుకుంది. దీనికొక చరిత్ర ఉంది. 2008 జూలైలో ఎన్విడియా సంస్థ, నోట్‌బుక్‌లలో వాడిన తన పాత తరం గ్రాఫిక్స్ చిప్పుల్లో కొన్ని ప్యాకేజింగ్ పదార్థాల బలహీనత వల్ల విఫలమవుతున్నాయని ప్రకటించి, ఆ ఖర్చులకు 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్ల దాకా పక్కన పెట్టింది. అలాంటి చిప్పులను వేడి చేస్తే లోపల సిలికాన్ ముక్కకూ దాని అడుగు పలకకూ మధ్య విడిపోయిన సన్నటి బంధాలు తాత్కాలికంగా అతుక్కుని, బోర్డు కొన్ని రోజులో వారాలో పనిచేసేది. కొనుక్కున్నవాళ్లు బాగయిందని సంతోషించేవారు, తరువాత మళ్ళీ ఆగిపోయేది. అప్పటి అలవాటు ఇప్పటికీ పోలేదు, ఏ జబ్బుకైనా వేడే మందు అన్నట్టయింది. మీ బోర్డు జబ్బు షార్టు. పగిలిన కెపాసిటర్ వేడి చేస్తే అతుక్కోదు. పైగా 350 డిగ్రీల గాలి ప్రాసెసరు చుట్టూ తిరిగితే బాగున్న టంకం బంతులు కూడా కదిలిపోతాయి, ప్లాస్టిక్ కనెక్టర్లు వంకరపోతాయి.

నేను ఈ పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని తెచ్చిన బోర్డుకు ఇలాంటి షార్టే ఉండేది. పక్కవాళ్లు ఛార్జింగ్ ఐసీ అన్నారు, నేను కొలవకుండా దానిని మార్చాను. బాగుపడలేదు, ఐసీ నకిలీదేమో అనుకుని మళ్ళీ మార్చాను. రెండోసారి తీసేటప్పుడు దాని కింది రాగి ప్యాడ్లు లేచిపోయాయి. తరువాత మీటరు పెట్టి చూస్తే, బోర్డు వెనకవైపు, బ్యాటరీ కనెక్టరు పక్కన ఒక కెపాసిటర్ షార్టయి ఉంది. ఆ అమ్మాయి ప్రాజెక్టు సమర్పించాల్సిన వారం అది. బోర్డు ఖరీదు నేనే కట్టాను గానీ, పోయిన వారాన్ని తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటినుంచి కొలత రాసుకోకుండా ఏ బోర్డు మీదా గాలి పెట్టలేదు.

ఇక మార్చే పని. లాప్‌టాప్ బోర్డులో గ్రౌండు రాగి పొరలు విశాలంగా ఉండి వేడిని తాగేస్తాయి. ఫోను బోర్డు మీద చాలిన వేడి ఇక్కడ చాలదు. 2006లో యూరప్ నిబంధనలు అమలులోకి వచ్చినప్పటినుంచి తయారవుతున్న బోర్డుల్లో సీసం లేని టంకం ఉంటుంది, అది 217 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. మనం వాడే 63-37 సీసపు టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి ముందుగా కెపాసిటర్ రెండు చివరలకూ ఫ్లక్సు రాసి, ఐరన్‌తో కొంచెం సీసపు టంకం కలిపితే మొత్తం తక్కువ వేడికే వదులుతుంది. బోర్డును కింది నుంచి 120, 130 డిగ్రీల దాకా వెచ్చబెట్టే ప్రీహీటరు ఉంటే చాలా మేలు. పక్కనున్న కనెక్టర్లకు వేడిని తట్టుకునే క్యాప్టన్ టేపు వేయండి, భాగం కదిలేదాకా ట్వీజరుతో లాగకండి. పని అయ్యాక మిగిలిన ఫ్లక్సును శుభ్రంగా కడిగేయండి.

తరువాత మొదటిసారి కరెంటు ఇచ్చే ఘట్టం వస్తుంది. 19 వోల్టులు ఇచ్చే బెంచ్ పవర్ సప్లై ఉంటే కరెంటు ఎంత లాగుతోందో కళ్లారా చూడవచ్చు. మంచి బోర్డు స్టాండ్‌బైలో 0.01 నుంచి 0.03 ఆంపియర్ల వరకు లాగి, స్విచ్ నొక్కగానే మెట్లు మెట్లుగా పైకి వెళ్తుంది. మీ సప్లై 15 వోల్టులదే కాబట్టి ఇంకో ఉపాయం చెబుతాను. ఆటోమొబైల్ షాపులో దొరికే 24 వోల్టుల 21 వాట్ల లారీ ఇండికేటరు బల్బును, పాత జాక్ కేబులు ముక్క సాయంతో అడాప్టరు ప్లస్ తీగకు సీరీస్‌లో కలపండి. లోపల షార్టు ఇంకా ఉంటే బల్బు వెలుగుతుంది, కరెంటు ఒక ఆంపియర్ దాటదు, అడాప్టరూ బోర్డూ రెండూ క్షేమం. మీటరు రీడింగు కూడా బాగుండి, బల్బు వెలగకపోతే షార్టు లేనట్టు. ఇది స్టాండ్‌బై పరీక్షకు మాత్రమే. స్విచ్ నొక్కి లాప్‌టాప్ నడపాలంటే బల్బు తీసేయాలి.

బల్బు వెలగకుండా, నేరుగా పెట్టినప్పుడు అడాప్టరు లైటు నిలబడి, అయినా బోర్డు ఆన్ కాకపోతే అది వేరే అధ్యాయం. ఛార్జింగ్ ఐసీ ఇచ్చే 5 లేదా 6 వోల్టులు, ఎల్‌డీఓ అనే చిన్న రెగ్యులేటరు ఇచ్చే 3.3 వోల్టులు, స్విచ్ నొక్కినప్పుడు ఈసీ చిప్పుకు సంకేతం చేరుతోందా లేదా అన్నవి వరసగా చూడాలి. ఆ తరువాతే బయోస్ జోలికి వెళ్లాలి. బయోస్ చిప్పును చదివి రాసేందుకు చవగ్గా దొరికే నల్లరంగు సీహెచ్341ఏ ప్రోగ్రామరు డేటా కాళ్ల మీద 5 వోల్టులు పంపిస్తుంది, 3.3 వోల్టుల చిప్పుకు అది మంచిది కాదు, 1.8 వోల్టుల చిప్పుకు ప్రాణాంతకం. ఏ చిప్పునైనా రాయడానికి ముందు రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని సరిచూసుకుని దాచిపెట్టుకోవాలి.

బోర్డు పటం, అంటే సర్క్యూట్ బొమ్మ, విషయం మీరు అడగలేదు గానీ అది లేకుండా వెతకడం చీకట్లో తడుముకోవడమే. లాప్‌టాప్ మోడల్ నంబరుతో వెతకకండి, బోర్డు మీద ముద్రించిన నంబరుతో వెతకండి. ఎల్ఏ అక్షరాలతో మొదలయ్యేవి సాధారణంగా కాంపాల్ సంస్థ తయారుచేసినవి, డీఏ0 అని మొదలయ్యేవి క్వాంటావి. ఇలాంటి పటాల్లో చాలావాటిలో పవర్ విభాగం భాగాలకు ముందు పీ అక్షరం ఉంటుంది. పీక్యూ అంటే మోస్‌ఫెట్, పీయూ అంటే ఐసీ, పీఎల్ అంటే కాయిల్, పీసీ అంటే కెపాసిటర్. ఏ భాగం ఎక్కడుందో చూపించే బోర్డ్‌వ్యూ ఫైలు దొరికితే మెయిన్ లైను మీద ఏయే కెపాసిటర్లు ఉన్నాయో ఒక్క నొక్కుతో వెలిగి కనిపిస్తాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు గురించి కమిటీ వేసినప్పుడు, ఈ పటాలు తయారీదారుల నుంచే బహిరంగంగా వస్తాయని నాలాంటివాళ్లం ఆశపడ్డాము. ఆ ఆశ ఇంకా వదులుకోలేదు.

ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. ప్రాసెసరు కాయిల్ మెయిన్ లైనుతో కలిసి ఉన్నా, 1 వోల్టు ఇచ్చినప్పుడు ప్రాసెసరే వేడెక్కినా, బోర్డు పొరల్లో కాలిన నల్లమచ్చ కనిపించినా మీరు ఆగిపోండి. ప్రాసెసరు బోర్డుకే అతికి ఉన్న లాప్‌టాప్‌లో దాన్ని మార్చడానికి, అడుగున టంకం బంతులున్న చిప్పులను తీసి పెట్టే బీజీఏ యంత్రం, దాని మీద చేయి తిరిగిన మనిషి కావాలి. ఖర్చు కూడా వాడిన బోర్డు ధరకు దగ్గరగా వెళ్తుంది. అలాంటప్పుడు అదే నంబరున్న వాడిన బోర్డు కోసం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల విచారించడం, కొన్న చోటే ఆన్ చేయించి చూసుకోవడం మేలు. ఆరేళ్ల వయసున్న యంత్రానికి 24 వేలు పెట్టడం నాకు సబబుగా తోచడం లేదు. మీరే చేయకుండా ఎవరికైనా ఇవ్వాలనుకుంటే, వాళ్లను ఒక్కటే అడగండి: ‘మెయిన్ లైను ఎన్ని ఓమ్స్ ఉంది, ఏ భాగం తీశాక షార్టు పోయింది?’ కొలిచి పనిచేసేవాళ్లు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తారు, తీసిన భాగాన్ని కూడా చేతిలో పెడతారు.

మీరు కొలిచాక జాక్ ప్లస్ దగ్గరి రీడింగు, సెన్స్ రెసిస్టరు దగ్గరి రీడింగు, మెయిన్ లైనుకూ ఒక్కో కాయిల్‌కూ మధ్య వచ్చిన రీడింగులు, వాటితో పాటు బోర్డు నంబరు రాసి పంపండి. పవర్ సప్లై తగిలించడానికి ముందే పంపితే మరీ మంచిది. వాటిని చూసి తరువాత ఎక్కడ చేయి పెట్టాలో చెబుతాను.